ఐఎస్ఎస్ వినపడుతోంది, బిట్రగుంట వినపడటం లేదు: రెండు బ్యాండ్ల యాంటెన్నాలో నా తప్పెక్కడ?

కావలి మిద్దె రేడియో:

అందరికీ నమస్కారం. మాది కావలి. డిష్‌లు, సీసీ కెమెరాలు బిగించే చిన్న షాపు పెట్టుకున్నాను. పైన ఇల్లు, కింద షాపు. హ్యామ్ (అభిరుచి కోసం నడిపే రేడియో) లైసెన్స్ వచ్చి ఏడు నెలలైంది. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఈ రేడియో పిచ్చి ఎందుకు పట్టిందో చెప్తాను. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానప్పుడు మా వీధిలో కరెంటు పోయింది, సాయంత్రానికి ఫోన్లూ పోయాయి. మా అక్కా వాళ్లది బిట్రగుంట. మా బావకి అప్పటికే గుండెకి స్టెంట్ వేసి ఉంది. ఐదో తేదీన తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిందన్న వార్త బ్యాటరీ రేడియోలో విన్నాను గానీ, పదిహేను కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న అక్క ఎలా ఉందో రెండు రోజుల దాకా తెలియలేదు. మూడో రోజు మోకాలి లోతు నీళ్లలో బండి తోసుకుంటూ వెళ్లి చూసొచ్చాను. అందరూ బాగానే ఉన్నారు. నేనూ, మా మేనల్లుడూ ఆ రోజే అనుకున్నాం, మళ్లీ ఇలా జరగకూడదని. ఇద్దరం కలిసి చదివి పరీక్ష రాశాం, ఇద్దరికీ లైసెన్స్ వచ్చింది.

ఇద్దరి దగ్గరా 5 వాట్ల చేతి సెట్లున్నాయి, 145 మెగాహెర్ట్జ్, 435 మెగాహెర్ట్జ్ రెండూ పనిచేస్తాయి. నాకు రెండు బ్యాండ్లూ కావాలి. ఎందుకంటే 145లో మా షాపు కెమెరాల పవర్ సప్లైల గోల విపరీతం, 435లో ఆ గోల బాగా తక్కువ. పైగా ఐఎస్ఎస్ (అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం)లో రిపీటర్, అంటే మన మాట అందుకుని మళ్లీ పంపే సెట్టు, కిందికి పంపేది 437.800లో, మనం పైకి పంపాల్సింది 145.990లో. మిద్దె మీద ఒక్క పైపుకే చోటుంది, కేబుల్ కూడా ఒక్కటే దింపగలను. అందుకని ఒకే యాంటెన్నా, రెండు బ్యాండ్లు.

చేసింది ఇదీ. 7500ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే పావు తరంగం (తరంగం పొడవులో నాలుగో వంతు) సెంటీమీటర్లలో వస్తుంది, దాన్ని 0.95తో గుణించాలి అని చదువుకున్నాను. 145కి 49 సెంటీమీటర్లు వచ్చింది. వెల్డింగ్ షాపులో దొరికే 3 మిల్లీమీటర్ల ఇత్తడి బ్రేజింగ్ రాడ్ తెచ్చి, ఎస్ఓ-239 సాకెట్ మధ్య పిన్నుకి ఒకటి నిలువుగా సోల్డర్ చేశాను. నాలుగు మూలల బోల్టులకి నాలుగు రాడ్లు బిగించి 45 డిగ్రీలు కిందికి వంచాను. 145కి మూడు రెట్లు 435 కాబట్టి ఇదే రాడ్డు పైబ్యాండ్‌లో ముప్పావు తరంగం అవుతుంది, విడిగా ఏమీ చేయక్కర్లేదు అని చాలాచోట్ల రాశారు. నమ్మాను. మిద్దె మీది నుంచి షాపు దాకా ఆర్‌జీ-58 కేబుల్, 22 మీటర్లు.

షాపులో కూర్చుని నానో వీఎన్ఏ అనే చిన్న మీటర్‌తో చూస్తే 145 దగ్గర ఎస్‌డబ్ల్యూఆర్ (పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే అంకె, 1కి దగ్గరైతే మంచిది) 1.2, 436 దగ్గర 1.3. ఇంతకంటే ఏం కావాలి?

కానీ గాల్లో జరిగేది వేరు. 145లో మేనల్లుడి మాట గోల మధ్యలోనైనా అర్థమవుతుంది. 436కి మారితే వాడి గొంతు ముక్కలు ముక్కలుగా వస్తుంది, నాది వాడికి అసలు అందదు. దూరం ఎక్కువా అంటే కాదు, ఇద్దరి మిద్దెలూ 10 మీటర్ల ఎత్తు వేసుకున్నా లెక్క ప్రకారం 26 కిలోమీటర్ల దాకా నేరుగా అందాలి. ఇంకో వింత ఏంటంటే, ఇదే యాంటెన్నాలో ఐఎస్ఎస్ 437.800 చక్కగా వినపడుతోంది. మొన్న రాత్రి అది నడినెత్తికి కొంచెం పక్కగా పోతుంటే ఎవరో తమిళనాడు ఆయన పలికిన కాల్‌సైన్ అక్షరం పొల్లుపోకుండా రాసుకున్నాను. 400 కిలోమీటర్ల పైనున్నది వినపడి, పక్కూరు వినపడకపోవడం ఏంటి?

మీటర్ బాగుందంటోంది, మేనల్లుడు బాగాలేదంటున్నాడు. ఎవర్ని నమ్మాలి?

---

ఒంగోలు ఈసీఈ:

అన్నా, ముందు మీ మేనల్లుడినే నమ్మండి.

నేను ఎంటెక్‌లో వైఫై కోసం 2.4, 5 గిగాహెర్ట్జ్‌లకి ఒకే ప్రింటెడ్ యాంటెన్నా చేశాను. మామూలు ఎఫ్ఆర్-4 బోర్డు మీద రాగి గీత. మొదటిసారి కొలిచినప్పుడు రిటర్న్ లాస్ (పంపిన పవర్ ఎంత తగ్గి వెనక్కి వచ్చిందో డీబీల్లో చెప్పే అంకె, ఎక్కువైతే మంచిది) 25 డీబీ దాటింది, ల్యాబ్‌లో అందరం చప్పట్లు కొట్టాం. తర్వాత రౌటర్‌కి పెట్టి చూస్తే పక్క గదిలోకి కూడా సిగ్నల్ సరిగ్గా పోలేదు. లోపలికి వెళ్లిన పవర్‌లో మంచి భాగం బోర్డులోనే వేడి అయిపోతోంది. ఆ రోజు మా గైడ్ మేడమ్ ఒక 50 ఓమ్‌ల లోడ్ తెచ్చి ఎనలైజర్‌కి బిగించి, "చూడు, దీనికి నీ యాంటెన్నాకంటే మంచి మ్యాచ్ ఉంది, గాల్లోకి మాత్రం ఏమీ పోదు" అన్నారు. అది నాకు బాగా గుర్తుండిపోయింది. పవర్ వెనక్కి రాలేదని మాత్రమే ఎస్‌డబ్ల్యూఆర్ చెప్తుంది. ఆ పవర్ గాల్లోకి పోయిందా, పోతే ఎటు పోయిందా అనేది దానికి తెలియదు.

మా పద్ధతి ఏంటంటే, ఒకే ఫీడ్ దగ్గర్నుంచి రెండు కొమ్మలు. పొడుగు కొమ్మ 2.4కి, పొట్టి కొమ్మ 5కి. గాల్లో 2.45 గిగాహెర్ట్జ్ పావు తరంగం 30.6 మిల్లీమీటర్లు, 5.5కి 13.6. బోర్డు మీద రెండూ ఇంకా తగ్గుతాయి. మీరూ అలాగే 49 సెంటీమీటర్ల రాడ్డు పక్కనే 16.3 సెంటీమీటర్ల రాడ్డు ఒకటి అదే పిన్నుకి సోల్డర్ చేసి చూడండి. పైబ్యాండ్ పవర్ పొట్టి రాడ్డులోకి పోవాలి.

---

పాత వైర్‌లెస్, నెల్లూరు:

అమ్మాయి చెప్పిన లోడ్ సంగతి అక్షరాలా నిజం. కొమ్మల సంగతి మాత్రం ఈ అబ్బాయి దగ్గర పనిచేయదు. ఎందుకో చెప్తా.

రెండు కొమ్మలు పనిచేయాలంటే, ఒక బ్యాండ్‌లో పనిచేసే కొమ్మ తక్కువ ఓమ్‌లు (కరెంటుకి తక్కువ అడ్డు) చూపించాలి, రెండోది ఎక్కువ ఓమ్‌లు చూపించి తప్పుకోవాలి. వైఫైలో 5.5ని 2.45తో భాగిస్తే రెండుంపావు వస్తుంది. పొడుగు కొమ్మ అక్కడ అర తరంగానికి దగ్గరగా ఉంటుంది, అంటే ఎక్కువ ఓమ్‌లు, తనంతట తనే పక్కకి జరుగుతుంది. ఇక్కడ సరిగ్గా మూడు రెట్లు. 49 సెంటీమీటర్ల రాడ్డు 435లో ముప్పావు తరంగం, అదీ తక్కువ ఓమ్‌లే చూపిస్తుంది. పక్కన పొట్టి రాడ్డు పెట్టినా కరెంటు రెండింటిలోకీ పోతుంది. పొడుగు రాడ్డు తప్పుకోదు.

అబ్బాయ్, మందు చెప్పే ముందు ఒక పని చెయ్యి. మిద్దె ఎక్కి యాంటెన్నా విప్పెయ్. కేబుల్ పైకొసకి ఏమీ తగిలించకుండా వదిలేసి, కిందికొచ్చి మళ్లీ 145లో, 436లో ఎస్‌డబ్ల్యూఆర్ చూడు. రిటర్న్ లాస్ ఎన్ని డీబీలో కూడా రాయి. ఏ అంకె వచ్చినా ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టు.

---

కావలి మిద్దె రేడియో:

సార్, ఇప్పుడే దిగొచ్చాను. చెయ్యి ఇంకా వణుకుతోంది.

యాంటెన్నా విప్పేశాక 145లో ఎస్‌డబ్ల్యూఆర్ 2.3, రిటర్న్ లాస్ 8 డీబీ. 436లో ఎస్‌డబ్ల్యూఆర్ 1.5, రిటర్న్ లాస్ 14 డీబీ.

పైన యాంటెన్నాయే లేదు సార్. ఏమీ లేని కేబుల్‌కి 1.5 చూపిస్తోంది. మూడు వారాల నుంచి ఆ 1.3 చూసుకుని సంతోషపడుతున్నాను. నిజంగా టెన్షన్ వచ్చింది, మీటర్ పాడైందేమోనని 50 ఓమ్‌ల లోడ్ పెట్టి చూశాను, మీటర్ బాగానే ఉంది.

---

పాత వైర్‌లెస్, నెల్లూరు:

మీటర్ మంచిదే. కేబుల్ నీ పవర్‌ని తినేస్తోంది.

లెక్క సులువు. పైకొస ఖాళీగా ఉంటే పైకి వెళ్లిన పవరంతా వెనక్కి రావాలి. 436లో 14 డీబీ తగ్గి వచ్చిందంటే పోవడానికి 7, రావడానికి 7. అంటే నీ 22 మీటర్ల ఆర్‌జీ-58 ఒక్క దారికే 7 డీబీ మింగేస్తోంది. షాపులో 5 వాట్లు పంపితే మిద్దె మీదికి చేరేది 1 వాట్. 145లో పోవడానికి 4 డీబీ, అక్కడ 2 వాట్లు చేరుతున్నాయి. అందుకే కింది బ్యాండ్ ఏదో నడిచింది. కేబుల్ నష్టం చూడటానికి ఇంతకంటే తేలికైన పద్ధతి లేదు, కొత్త కేబుల్ కొన్న ప్రతిసారీ చేసుకో. నేను సర్వీసులో ఉన్నప్పుడు తుపాను వెళ్లిన ప్రతి ఏడూ మొదట చేసే పని ఇదే. ఉప్పు గాలికి కేబుల్ లోపల జల్లెడ (మధ్య తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక) నల్లబడిపోతుంది, పైకి మాత్రం కొత్తదానిలాగే కనపడుతుంది.

ఇది సగం జబ్బు. మిగతా సగం నీ రాడ్డులో ఉంది, దానికి రుజువు నువ్వే రాశావు, ఐఎస్ఎస్ వినపడుతోందని.

ముప్పావు తరంగపు రాడ్డులో కరెంటు ఎలా పారుతుందో ఊహించుకో. 435లో కింది 16 సెంటీమీటర్లలో ఒక దిక్కుకి పారుతుంటే, పై 33 సెంటీమీటర్లలో దానికి ఎదురు దిక్కుకి పారుతుంది. దూరాన నేలమట్టంలో ఉన్న మనిషికి ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 40 డిగ్రీల పైకి చూస్తే మాత్రం దారి తేడా వల్ల కలిసొస్తాయి. కాబట్టి నీ పవర్‌లో పెద్ద వాటా బిట్రగుంట నెత్తి మీదుగా ఆకాశంలోకి పోతోంది. ఐఎస్ఎస్ ఆ ఎత్తులో ఉన్నప్పుడు నీకు బ్రహ్మాండంగా వినపడుతుంది. అడ్డం లేదు, యాంటెన్నా చూపూ అటే ఉంది. నీ మేనల్లుడు ఉన్నది సున్నా డిగ్రీలో.

రెండు బ్యాండ్ల యాంటెన్నా అంటే రెండు చోట్లా మ్యాచ్ కుదరడం ఒక్కటే చాలదు, రెండు చోట్లా చూపు ఒకే దిక్కుకి ఉండాలి. జనం సాధారణంగా మొదటిది చూసి ఆగిపోతారు.

ఇక మందు.

మొదటిది కేబుల్. మందపాటి 50 ఓమ్‌ల కేబుల్ కొనమని నేను చెప్పను, ఖరీదు ఎక్కువ. నీ షాపులో ఆర్‌జీ-6 డిష్ కేబుల్ చుట్టలు చుట్టలుగా ఉంటుంది కదా, అది 436లో ఆర్‌జీ-58లో సగం కూడా తినదు. అది 75 ఓమ్‌లదని భయపడకు. కేబుల్ పొడవు అర తరంగానికి సరిగ్గా ఇన్ని రెట్లని కోస్తే, పైన ఎన్ని ఓమ్‌లుంటే కిందా అన్నే కనపడతాయి. నీ అదృష్టం ఏంటంటే, 145కి అర తరంగపు రెట్టయిన పొడవు 435కి కూడా రెట్టే అవుతుంది. ఇందాక ఇబ్బంది పెట్టిన మూడు రెట్లే ఇక్కడ ఉపకారం చేస్తుంది. ఫోమ్ ఉన్న కేబుల్‌లో వేగం గాల్లో వేగానికి 0.83 చుట్టూ ఉంటుంది, కాబట్టి 145కి అర తరంగం 86 సెంటీమీటర్ల దగ్గర.

ఇంకో మాట. సెట్టు షాపులోనే ఎందుకుండాలి? మెట్ల గదిలోకి తీసుకెళ్లు. కేబుల్ 8 మీటర్లకి దిగుతుంది, కెమెరాల గోల కూడా దూరమవుతుంది. తొమ్మిది అర తరంగాలంటే 7.73 మీటర్లు, కొంచెం ఎక్కువ కోసి మీటర్ చూస్తూ తగ్గించుకో.

రెండోది రాడ్డు. 16 సెంటీమీటర్ల ఎత్తులో 436కి దారి మూసెయ్యాలి, 145కి తెరిచి ఉంచాలి. దానికి ట్రాప్ అంటారు. చిన్న కాయిల్, కెపాసిటర్ పెట్టి చేయొచ్చు గానీ వాన, ఎండ తగిలితే అంకె జారుతుంది. నువ్వు విప్పేసిన ఆర్‌జీ-58 ముక్కతోనే చెయ్యి. దాని లోపలిది గట్టి పాలిథీన్, వేగం 0.66. 436కి పావు తరంగం గాల్లో 17.2 సెంటీమీటర్లు, దాన్ని 0.66తో గుణిస్తే 11.3 సెంటీమీటర్లు. అంత ముక్క కోసి, పైకొసలో లోపలి తీగనీ, జల్లెడనీ కలిపి సోల్డర్ చెయ్యి. కింది కొసలో లోపలి తీగని మాత్రం 16 సెంటీమీటర్ల రాడ్డు కొసకి అతికించు, జల్లెడని ఎక్కడా తగలనివ్వకు. పైన కలిపిన చోటు నుంచి మిగతా తీగ మొదలవుతుంది. కొస కలిపేసిన పావు తరంగం ముక్క అవతలి కొసలో తెగిపోయినట్టు కనపడుతుంది, కాబట్టి 436 కరెంటు 16 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. 145కి అదే ముక్క 29 ఓమ్‌ల చిన్న కాయిల్‌లాగా ఉంటుంది, అంతే. జల్లెడ బయటివైపు కూడా రాడ్డులో భాగమే అవుతుంది. ఆ కాయిల్ వల్ల మొత్తం పొడవు 49 నుంచి ఓ రెండు సెంటీమీటర్లు తగ్గించాల్సి రావచ్చు.

వరస మర్చిపోవద్దు. ముందు 436ని కింది రాడ్డుతో కుదుర్చుకో, తర్వాతే 145ని పైకొస కత్తిరించి కుదుర్చుకో. పైకొస కత్తిరిస్తే 436 దాదాపు కదలదు, కింది రాడ్డు ముట్టుకుంటే రెండూ కదులుతాయి.

సాకెట్ మూలల్లో పెద్ద రాడ్లతో పాటు 16 సెంటీమీటర్లవి కూడా నాలుగు పెట్టు. పెద్దవి 436లో కొంత కరెంటు లాక్కుంటూనే ఉంటాయి, పూర్తిగా ఆగదు, అయినా చాలా నయం.

ఇవన్నీ చెయ్యకముందు ఇంకొకటి చెయ్యి. 436కి మాత్రమే పనిచేసే 16.3 సెంటీమీటర్ల యాంటెన్నా ఒకటి, గంటలో అయిపోతుంది, చేసి అదే పైపుకి, అదే కేబుల్‌కి పెట్టి మేనల్లుడితో మాట్లాడు. అది నీ కొలబద్ద. రేపు చేసే రెండు బ్యాండ్లది దానికెంత దగ్గరగా వస్తే అంత బాగా చేసినట్టు. కొలబద్ద లేకపోతే ఏ యాంటెన్నా అయినా బాగున్నట్టే అనిపిస్తుంది.

---

ఒంగోలు ఈసీఈ:

సార్, కొమ్మల విషయంలో నాది పొరపాటే. మూడు రెట్ల సంగతి ఆలోచించలేదు. రాత్రి సిమ్యులేషన్‌లో పెట్టి చూశాను, మీరు చెప్పినట్టే పొడుగు రాడ్డులో కరెంటు అలాగే ఉండిపోయింది, లోబ్ (పవర్ ఎక్కువగా పోయే దిక్కు) పైకే ఉంది.

అన్నా, ఐఎస్ఎస్‌తో మాట్లాడదామనుకుంటున్నారు కాబట్టి ఒక విషయం. మీరు పంపే 145.990కి మూడో హార్మోనిక్ (సెట్టులోంచి మూడు రెట్ల దగ్గర కొంచెం కారే సిగ్నల్) 437.970. వినాల్సింది 437.800. మధ్య తేడా 170 కిలోహెర్ట్జ్ మాత్రమే. పంపుతూనే వినాలని రెండో సెట్టు అదే యాంటెన్నాకి కలిపితే, మీ పంపే సెట్టే మీ వినే సెట్టు చెవులు మూసేస్తుంది. మధ్యలో డైప్లెక్సర్ (రెండు బ్యాండ్లనీ విడదీసే డబ్బా) తప్పనిసరి, పంపే వైపు లోపాస్ (పైబ్యాండ్‌ని ఆపేసే ఫిల్టర్) ఉన్నది. ఒకే చేతి సెట్టుతో పంపాక విని, విన్నాక పంపితే ఈ గొడవ లేదు. ఇంకోటి, ఐఎస్ఎస్ వేగం వల్ల అది ఎదురొచ్చేటప్పుడు 437.800 దాదాపు 10 కిలోహెర్ట్జ్ పైన, దాటిపోయేటప్పుడు అంతే కింద వినపడుతుంది. మెమరీలో 437.810, 437.805, 437.800, 437.795, 437.790 వరసగా పెట్టుకోండి.

---

జువ్వలదిన్నె బోటు:

అన్నలూ, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా బోటులో మెరైన్ సెట్టుంది, దాని యాంటెన్నా విరిగింది. ఈ 49 సెంటీమీటర్లది పెట్టుకోవచ్చా?

---

పాత వైర్‌లెస్, నెల్లూరు:

తమ్ముడూ, అది పెట్టొద్దు. మెరైన్ సెట్టు 156 మెగాహెర్ట్జ్ పైన పనిచేస్తుంది, అందరూ వినే 16వ ఛానెల్ 156.8. దానికి పావు తరంగం 45 సెంటీమీటర్లు దాటి ఒక అర. పైగా ప్లాస్టిక్ బోటులో ఇలా నాలుగు రాడ్లు కిందికి వంచి పెడితే వలలకి తగులుకుంటాయి. బోటుల కోసం చేసిన అర తరంగం యాంటెన్నా కొనుక్కో, దానికి కింద రాడ్లు అక్కర్లేదు. ప్రాణం మీది వ్యవహారం, దానికి ప్రయోగాలు వద్దు. హ్యామ్ సెట్టుతో మెరైన్ ఛానెల్‌లో మాట్లాడటం కూడా చట్టప్రకారం తప్పు, రెండూ వేరు లైసెన్సులు.

---

కావలి మిద్దె రేడియో:

పదకొండు రోజుల తర్వాత రాస్తున్నాను. షాపు పనుల మధ్య ఆలస్యమైంది, క్షమించండి.

ముందు సెట్టు మెట్ల గదిలోకి మార్చాను. ఆర్‌జీ-6 ఎనిమిది మీటర్లు కోసి, మీటర్ చూస్తూ తగ్గిస్తూ వచ్చి 7 మీటర్ల 69 సెంటీమీటర్ల దగ్గర ఆగాను. ఒక ఇబ్బంది వచ్చింది, ఎవరైనా చేస్తే గుర్తుంచుకోండి. మా దగ్గరుండే ఆర్‌జీ-6లో జల్లెడ అల్యూమినియం, సోల్డర్ పట్టదు. మొదట తెలియక చుట్టి అతికించాను, గాలికి ఊగితే 145 కాస్తా ఎగిరెగిరిపడింది. తర్వాత కంప్రెషన్ రకం ఎఫ్ కనెక్టర్ కొట్టి, దాన్నుంచి ఎస్ఓ-239కి అడాప్టర్ పెట్టాను. రోజూ చేసే డిష్ పనే, అయినా ఇక్కడికొచ్చేసరికి సోల్డరే గొప్పదనుకున్నాను. పైన యాంటెన్నా విప్పేసి చూస్తే ఇప్పుడు 436లో నష్టం ఒక దారికి 1 డీబీకి కాస్త పైన. అంటే 1 వాట్ చేరే చోట ఇప్పుడు 4 వాట్లకి కొంచెం తక్కువగా చేరుతోంది.

సార్ చెప్పిన వరసలోనే వెళ్లాను. కొత్త కేబుల్ మీద పాత 49 సెంటీమీటర్ల రాడ్డే పెట్టి మేనల్లుడిని పిలిచాను. 436లో ఈసారి మాట అందింది, గరగర మాత్రం బాగా ఉంది. వాడు సెట్టు పవర్ తగ్గించి 1 వాట్‌కి పెడితే పోయింది. తర్వాత 16.3 సెంటీమీటర్ల కొలబద్ద యాంటెన్నా పెట్టాను. వాడు 1 వాట్‌లో మాట్లాడుతున్నా పక్కింట్లో ఉన్నట్టు వినపడింది. నేను నమ్మలేక మూడుసార్లు మార్చి మార్చి పెట్టాను, పొడుగుది పెడితే మాయం, పొట్టిది పెడితే ప్రత్యక్షం. కేబుల్ అదే, పైపు అదే, వాడు కూర్చున్న కుర్చీ కూడా అదే. రాడ్డు ఎటు చూస్తుందో మీటర్‌కి తెలియదని అమ్మాయీ, సారూ చెప్పింది అప్పుడు కళ్లారా చూశాను.

ఇక ట్రాప్. మొదటి రెండూ పాడు చేశాను. ఒకదానిలో సోల్డర్ వేడికి లోపలి పాలిథీన్ కరిగి తీగ జల్లెడకి తగిలింది, రెండోదానిలో కింది కొస జల్లెడ వెంట్రుక ఒకటి రాడ్డుని ముట్టుకుంటోంది. భూతద్దం పెట్టి చూస్తే గానీ కనపడలేదు. ఆ ఒక్క వెంట్రుకకి 436 మొత్తం తారుమారైంది. మూడోసారి జల్లెడని 3 మిల్లీమీటర్లు వెనక్కి దువ్వి, కత్తెరతో గుండ్రంగా కత్తిరించి, మీద సన్నటి హీట్‌ష్రింక్ వేశాను. సోల్డర్ ఐరన్ రెండు సెకన్ల కంటే ఎక్కువ ఆనించలేదు. కుదిరింది.

చివరి కొలతలు ఇవీ, ఎవరికైనా పనికొస్తాయని. కింది రాడ్డు 15.8 సెంటీమీటర్లు. ఆర్‌జీ-58 ముక్క 11.3. సాకెట్ నుంచి పైకొస దాకా మొత్తం 47.1. పెద్ద రాడ్లు నాలుగు 50, చిన్నవి నాలుగు 16.5. ట్రాప్ దగ్గర వంగిపోకుండా మొత్తాన్ని అర అంగుళం పీవీసీ పైపులో పెట్టాను. పైపులో పెట్టాక రెండు బ్యాండ్లూ కొంచెం కిందికి జారాయి, పైన రాసినవి పైపులో పెట్టాక మళ్లీ కత్తిరించిన కొలతలు. పైపు లేకుండా చేసేవాళ్లు కొంచెం పొడుగ్గా మొదలుపెట్టండి. ఎస్‌డబ్ల్యూఆర్ 145.0లో 1.3, 436లో 1.5. పాతదానికంటే అంకె ఎక్కువే సార్, అయినా దాని గురించి ఇప్పుడు నాకు చింత లేదు.

మేనల్లుడి 1 వాట్ 436లో శుభ్రంగా వినపడుతోంది. కొలబద్దతో పోలిస్తే రవ్వంత తక్కువ, చెవికి తెలిసీ తెలియనంత. ఐఎస్ఎస్ నడినెత్తిన ఉన్నప్పుడు మునుపటికంటే కొంచెం బలహీనంగా వస్తోంది, దిక్చక్రం దగ్గర ఉన్నప్పుడు మునుపటికంటే చాలా ముందే పట్టుకుంటోంది. సార్ చెప్పిన చూపు సంగతి దీనితో కూడా సరిపోయింది.

సార్, ఒక్కటి అడగాలి. మీరు సర్వీసులో ఉన్నారన్నారు కదా, మీకు ఈ రెండు బ్యాండ్ల పని ఎలా అలవాటైంది?

---

పాత వైర్‌లెస్, నెల్లూరు:

బాగా చేశావు నాయనా. ముఖ్యంగా పైపులో పెట్టాక మళ్లీ కత్తిరించానని రాయడం, ఆ ముక్క చాలామంది రాయరు.

అడిగావు కాబట్టి చెప్తా. 2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్వీ-సీ6 ఎగిరింది. కార్టోశాట్-1తో పాటు అందులో హ్యామ్‌శాట్ అని మన హ్యాముల కోసం చేసిన చిన్న ఉపగ్రహం కూడా ఉంది. శ్రీహరికోట అప్పుడు మన నెల్లూరు జిల్లానే. దానికి 435లో పంపాలి, 145లో వినాలి, నీ ఐఎస్ఎస్‌కి తలకిందులు. నా దగ్గర ఒక పాత 145 సెట్టు, ఇంకొకరి దగ్గర అరువు తెచ్చుకున్న 435 సెట్టు. స్టీలు కొలత టేపు ముక్కలు కోసి పీవీసీ పైపు మీద రెండు యాగీలు (ఒకే దిక్కుకి చూసే యాంటెన్నాలు), 145ది నిలువుగా, 435ది అడ్డంగా, ఒకే బూమ్ మీద ఒకదాన్నొకటి పట్టించుకోకుండా బిగించాను. రెండు కేబుళ్లు, కలపాల్సిన పనే లేదు. పెన్నా గట్టున నిలబడి చేత్తో తిప్పుతూ విన్నాను. మన జిల్లా నేల మీది నుంచి వెళ్లిన దాని గొంతు మన నది ఒడ్డున వినపడటం, ఆ రోజు నేను అన్నం కూడా మర్చిపోయాను. 2014 జులై దాకా అది పనిచేసింది.

చేతిలో పట్టుకునేదైతే ఇప్పటికీ అదే నా సలహా, బ్యాండ్‌కొక యాగీ. స్థిరంగా పైపుకి బిగించేదైతే నువ్వు చేసిందే.

పైన ఎఫ్ కనెక్టర్ దగ్గర నీళ్లు దిగకుండా ఏం చేశావు? రాయలేదు. మొదటి వాన వచ్చేలోపు చూసుకో.

---

కావలి మిద్దె రేడియో:

రబ్బరు టేపు లాగి చుట్టి, దాని మీద ఎం-సీల్ పెట్టాను సార్. కేబుల్‌ని కనెక్టర్ కింద ఒక వంపు వేసి దింపాను, నీళ్లు ఆ వంపు కింద కారిపోయేలా. పిడుగులప్పుడు విప్పి మిద్దె గోడ బయట వదిలేయడానికి మెట్ల గది కిటికీ దగ్గర ఒక జాయింట్ కూడా పెట్టాను.

ఆదివారం బిట్రగుంట వెళ్తున్నాను. మేనల్లుడికి ఇలాంటిదే చేయాలి. మిగిలిన ఆర్‌జీ-58లోంచి 11.3 సెంటీమీటర్ల ముక్కలు నాలుగు కోసి సిద్ధంగా పెట్టుకున్నాను, రెండు పాడైనా రెండు మిగులుతాయి. వాడి మిద్దె పక్కన వేపచెట్టు ఉంది, పైపు దానికి ఎంత ఎడంగా పెట్టాలో అక్కడికెళ్లి కొలిచి మళ్లీ రాస్తాను.